ముందు కిందికి, తర్వాత లోపలికి

ఈసారి మన ఊరు వెళ్లినప్పుడు, తాతగారింటి ముందు నిలబడి ఒకసారి తల పైకెత్తి చూడండి. వీధిలో కరెంటు స్తంభం ఉంటుంది. దాని మీంచి ఇంటికి ఒక నల్లటి వైరు వస్తుంది. దాన్ని సర్వీసు వైరు అంటారు. చాలా ఇళ్లలో అది తిన్నగా గోడలోకి దూరదు. గోడ దగ్గరికి వచ్చాక కాస్త కిందికి వేలాడి, ఉయ్యాలలా వంపు తిరిగి, మళ్లీ పైకెక్కి లోపలికి వెళ్తుంది. ఆ వంపు ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? వైరు మిగిలిపోయి అలా వదిలేశారనుకున్నారా?

అది వాన కోసం పెట్టిన వంపు. వాన నీరు వైరు వెంట జారుకుంటూ వస్తుంది. వైరు తిన్నగా ఇంట్లోకి వెళ్తే, నీరు కూడా దాని వెంటే మీటరు బోర్డు దాకా వెళ్తుంది. అదే వైరు ముందు కిందికి దిగి, ఆ తర్వాత పైకెక్కిందనుకోండి. నీరు పైకి ఎక్కలేదు కదా! వంపు అడుగున చుక్క కట్టి నేల మీద పడిపోతుంది. వైరు ఒక్కటే లోపలికి వెళ్తుంది.

పెంకుటింటి చూరు చేసే పని కూడా ఇదే. చూరు అంటే గోడ దాటి బయటికి వచ్చే ఇంటికప్పు అంచు. నీటిని గోడకి తగలనివ్వకుండా బయటే దింపేస్తుంది. వాన వెలిశాక కూడా చాలాసేపు చూరు నుంచి చుక్కలు పడుతూనే ఉంటాయి.

ఈ సంగతి నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. మా కారు టాపు మీంచి లోపలికి ఒక వైరు తేవలసి వచ్చినప్పుడు మా నాన్న చెప్పారు. ఆ పని మేం ముగ్గురం కలిసి చేశాం: నాన్న, నేను, పన్నెండేళ్ల మా అమ్మాయి. ఆ పని గురించీ, అందులో వాడిన మాటల గురించీ మీకు చెప్తాను.

మేం ఉండేది సింగపూర్‌లో, పాసిర్ రిస్‌లో. ఇది దీవికి తూర్పు వైపు. ఆకుపచ్చ ఎంఆర్‌టీ లైనులో తూర్పు కొసన ఆఖరి స్టేషను మాదే. మలయ్ భాషలో పాసిర్ అంటే ఇసుక. పేరుకి తగ్గట్టు సముద్రపు ఒడ్డు ఉంది, పక్కనే పార్కులో మడ అడవి ఉంది. కాకినాడ దగ్గర కోరింగ చూసినవాళ్లకి ఆ చెట్లు కొత్తగా అనిపించవు. వానకి మాత్రం లోటు లేదు. సింగపూర్‌లో ఏడాదికి సుమారు 2,100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన కోస్తా ఆంధ్రలో పడేదానికి ఇది దాదాపు రెట్టింపు. ఇక్కడ కారు మీద ఏది బిగించినా అది తడుస్తుందనే అనుకోవాలి.

నాన్న పాలకొల్లులో నలభై ఏళ్లు ఇళ్లకి కరెంటు పని చేశారు. మొదట్లో గోడల మీద టేకు రీపర్లు కొట్టి, వాటి మీద క్లిప్పులతో వైరు బిగించేవారు. తర్వాత గోడ లోపల పైపులు వచ్చాయి. పోయినేడు ఆయన నెల రోజులుండి వెళ్దామని మా దగ్గరికి వచ్చారు.

మొదటి వారం ఎలా గడిచిందో చెప్తే మీలో చాలామందికి తెలిసిన కథే అనిపిస్తుంది. సింగపూర్ స్కూళ్లలో మాతృభాషగా భారతీయ భాషల్లో తమిళం తీసుకోవచ్చు, లేదా హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూల్లో ఒకటి తీసుకోవచ్చు. ఆ వరసలో తెలుగు లేదు. మా అమ్మాయి హిందీ తీసుకుంది. తెలుగు వింటే అర్థమవుతుంది గానీ, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. నాన్నకి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవారు.

“తిన్నావా అమ్మలూ?”

“తిన్నాను తాతయ్యా.”

“స్కూలు బాగుందా?”

“బాగుంది.”

అంతే. తర్వాత ఆయన టీవీ వైపు, తను ఫోను వైపు చూసుకునేవారు. ఒకరంటే ఒకరికి ఎంతో ఇష్టం. మాట మాత్రం నాలుగో వాక్యం దగ్గర ఆగిపోయేది. ఇలాగే నెల అయిపోతుందేమోనని నాకు లోపల దిగులుగా ఉండేది.

అందరం కలిసి సరిహద్దు దాటి మలేసియా వెళ్లి, జొహోర్ తూర్పు తీరంలో రెండు రాత్రులు గుడారం వేసుకుందామనుకున్నాం. నాన్న ఒకటే షరతు పెట్టారు: “ఫ్యాను తిరక్కపోతే నాకు నిద్ర పట్టదమ్మా.” సముద్రం ఒడ్డున ఫ్యాను తిరగాలంటే కరెంటు కావాలి. అందుకని మడతపెట్టే సోలార్ ప్యానెల్ ఒకటి, 100 వాట్లది, కొన్నాం. ఒక చిన్న బ్యాటరీ, ఒక ఛార్జి కంట్రోలరు కూడా తెచ్చాం. గుడారం వేసిన చోట ప్యానెల్‌ని కారు పైన క్యారియర్‌కి కడతాం. బయల్దేరేటప్పుడు విప్పి లోపల పెట్టేస్తాం. వైరు మాత్రం ఎప్పుడూ కారుకే ఉండాలి. క్యారియర్ నుంచి సీటు కింద ఉన్న బ్యాటరీ దాకా ఆ వైరుని ఎలా తీసుకురావాలన్నదే సమస్య.

మా కారు సెకండ్‌హ్యాండ్‌ది. అంతకుముందు ఎవరో దాని టాపు మీద ఏదో లైటు పెట్టించుకున్నట్టున్నారు. ఆ వైరు క్యారియర్ నుంచి వెనక తలుపు రబ్బరు మీదుగా ఏటవాలుగా లోపలికి దిగేది. వాన పడ్డ మర్నాడల్లా ఆ మూల మ్యాట్ తడిగా ఉండేది, ముక్క వాసన వచ్చేది. నాన్న ఆ వైరు కొస విప్పి చూపించారు. రాగి తీగలు ఆకుపచ్చగా మారిపోయాయి. రాగికి పట్టే ఆ పచ్చటి తుప్పుని చిలుము అంటారు. “చూశావా, నీళ్లకి రోడ్డు వేసి మరీ లోపలికి పిలిచారు,” అన్నారు నాన్న.

ఇప్పుడు మీరే ఆలోచించండి. టాపు మీంచి వైరు లోపలికి రావడానికి ఎన్ని దారులున్నాయి?

మొదటిది, టాపుకే చిల్లి పెట్టడం. ఇది దగ్గరి దారి. కానీ రేకుని కోసిన చోట రంగు పోతుంది, రంగు పోయిన చోట తుప్పు పడుతుంది. వైరు చుట్టూ బిగుసుకునే రబ్బరు బిగింపు పెట్టి, అంచులకి రంగు వేసి, సీలెంటు పూసి జాగ్రత్తగా చేసేవాళ్లున్నారు. అయినా ఆ చిల్లిని తర్వాత మూయడం తేలిక కాదు.

రెండోది, పక్క తలుపు సందు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు మెత్తగా, లోపల బోలుగా ఉంటుంది. సన్నని వైరు దాని కింద ఇమిడిపోతుంది. కానీ పక్క తలుపు రోజుకి ఎన్నిసార్లు తెరుస్తాం, ఎన్నిసార్లు మూస్తాం! మూసినప్పుడల్లా వైరు నలుగుతుంది. కొన్నాళ్లకి దాని పై తొడుగు అరిగి లోపలి తీగ బయటపడుతుంది.

మూడోది, డిక్కీ తలుపు దగ్గరి దారి. డిక్కీ తలుపు పైకి లేచే కార్లలో, మడత దగ్గర అకార్డియన్ లాంటి రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది. వెనక వైపరుకీ, లైట్లకీ వెళ్లే కంపెనీ వైర్లు అందులోంచే పోతాయి. అంటే కారు తయారుచేసినవాళ్లే లోపలికి వేసి ఉంచిన దారి అది. ఆ రబ్బరుకి అడుగు వైపు చిన్న రంధ్రం చేసి వైరు పంపొచ్చు. రబ్బరుకి తుప్పు పట్టదు. పాడైతే ఆ గొట్టం ఒక్కటి మార్చుకోవచ్చు.

మేం మూడో దారి ఎంచుకున్నాం. సింగపూర్‌లో కారుకి చేసే మార్పుల్లో కొన్నిటికి అనుమతి అక్కర్లేదు, కొన్నిటికి ఎల్‌టీఏ అనుమతి కావాలి, కొన్ని అసలు చేయకూడదు. మూడేళ్లు దాటిన కారుకి రెండేళ్లకోసారి, పదేళ్లు దాటితే ఏటా తనిఖీ ఉంటుంది. అందుకని ముందే అడిగి తెలుసుకున్నాం. మీరు ఏ దేశంలో ఉన్నా ఇదే మొదటి పని. మా ఫ్లాటు కింద పార్కింగ్ అందరిదీ గనక, పాసిర్ రిస్‌లోనే సొంత ఇల్లున్న ఒక స్నేహితురాలి పోర్టికోలో ఆదివారం పొద్దున్నే పని మొదలుపెట్టాం.

గొట్టంలోంచి వైరు లోపలికి వచ్చాక బ్యాటరీ దాకా ఎలా తేవాలి? నాన్న కారంతా ఒకసారి చూశారు. పక్క కిటికీ పైన, కప్పు లైనింగ్ లోపలి నుంచి తెచ్చి మధ్య స్తంభం మీదుగా దింపితే దగ్గర అన్నారు. ఇంటి వైరింగ్‌లో అది మంచి ఆలోచనే. స్ప్రింగు తీశారు. స్ప్రింగు అంటే గోడ పైపుల్లోంచి వైరు లాగడానికి వాడే పొడవాటి ఉక్కు తీగ. దాన్ని లైనింగ్‌లోకి తోయబోతున్నారు. నేను బయట స్టూలు మీద నిలబడి క్యారియర్ దగ్గర వైరు కడుతున్నాను. మా అమ్మాయి వెనక సీట్లో కారు మాన్యువల్ తిరగేస్తోంది. అప్పుడు తన గొంతు వినిపించింది.

“తాతయ్యా, ఆగు! అక్కడ గాలి ఉంది!”

“గాలా?”

“గాలి బ్యాగు. యాక్సిడెంట్ అయితే ఢాం అని వస్తుంది. పైనుంచి కిందికి. కర్టెన్ లాగా.”

“గాలి సంచా? తెరలాగా విచ్చుకుంటుందా?”

“ఆఁ, తెర! అక్కడ వైరు వద్దు తాతయ్యా.”

నాన్న స్ప్రింగు పక్కన పెట్టి, “ఏదీ, బొమ్మ చూపించు,” అన్నారు.

తను చెప్పింది నిజం. చాలా కార్లలో పక్క కిటికీల పైన, లైనింగ్ లోపల ఎయిర్‌బ్యాగ్ మడిచి పెట్టి ఉంటుంది. కారు గుద్దుకుంటే కన్ను మూసి తెరిచేలోపు కిటికీకి అడ్డంగా తెరలా దిగి తలకి దెబ్బ తగలకుండా కాపాడుతుంది. దాని మీదుగా వైరు కడితే అది సరిగ్గా విచ్చుకోకపోవచ్చు. వైరూ క్లిప్పులూ మనిషి మీదికి విసురుగా రావచ్చు కూడా. నాన్న ఎన్నో వందల ఇళ్లకి పని చేశారు గానీ, ఇళ్ల గోడల్లో ఎయిర్‌బ్యాగులు ఉండవు. మాన్యువల్ ఇంగ్లీషులో ఉంది. అందులో ఉన్నది చదివి ఆయనకి చెప్పగలిగిన మనిషి ఆ క్షణంలో కార్లో మా అమ్మాయి ఒక్కతే. తనకి సరైన తెలుగు మాట తెలియదు. తెలిసిన నాలుగు మాటలతోనే ఆపింది.

బొమ్మలో చూస్తే మా కారులో ఆ గాలి సంచి వెనక సీటు కిటికీతో ఆగిపోతోంది. డిక్కీ మూల ఖాళీగా ఉంది. అందుకని వైరుని ఆ మూల నుంచి కిందికి దింపి, నేల అంచు వెంట బ్యాటరీ దాకా తేవాలనుకున్నాం. మీ కారులో వేరేలా ఉండొచ్చు. మాన్యువల్ చూడకుండా లైనింగ్ కదపకండి. అనుమానం ఉంటే వర్క్‌షాపులో అడగండి.

ఇప్పుడు అసలు పని. నాన్న డిక్కీలో పడుకుని, మూల లైనింగ్ కింది నుంచి స్ప్రింగుని పైకి తోస్తారు. అది పైన రబ్బరు గొట్టం దగ్గర బయటికి వస్తుంది. బయట స్టూలు మీద నిలబడ్డవాళ్లు దాని కొసకి వైరు కట్టి, టేపు చుట్టాలి. తర్వాత ఆయన లాగుతుంటే వీళ్లు పైనుంచి అందించాలి. నేను స్టూలు దిగి మా అమ్మాయిని ఎక్కించాను. తన చేతులు చిన్నవి, ఆ సందులో బాగా పడతాయి. ఇక్కడ ఒక చిక్కుంది. పడుకున్న నాన్నకి మనవరాలి కాళ్లు తప్ప ఏమీ కనిపించవు. తనకి తాతయ్య కనిపించరు. చేత్తో సైగ చేసినా ఉపయోగం లేదు. ఇద్దరి మధ్యా ఉన్నవి ఒక వైరూ, కొన్ని మాటలూ.

“తోస్తున్నా, కనబడిందా?”

“లేదు తాతయ్యా. ఇంకా తోయ్. ఆఁ, వచ్చింది! ఆపు!”

“వైరు కట్టు. గట్టిగా బిగించు. కట్టావా? లాగుతున్నా.”

కొంచెం దూరం వచ్చి వైరు పట్టేసింది. “అమ్మలూ, కాస్త వదులు చెయ్యి,” అన్నారు నాన్న. తను వైరు మొత్తం వదిలేసింది. క్యారియర్ వైపు ఉండాల్సిన కొస సర్రున జారి గొట్టంలోకి వెళ్లిపోయింది. లోపల నాన్న చేతిలోకి మూరెడు వైరు వచ్చి పడింది. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత డిక్కీలోంచి నవ్వు వినిపించింది. “వదులు చెయ్యమన్నాను తల్లీ, వదిలెయ్యమన్లేదు!”

చూశారా, ఎంత చిన్న తేడా! వదలడం అంటే చేతిలోంచి విడిచిపెట్టడం. వదులు చెయ్యడం అంటే చేతిలోనే ఉంచుకుని బిగువు తగ్గించడం. మాటల్లో మనం “లూజు చెయ్యి” అంటాం చూడండి, అదే. ఈ తేడా నేను వంటింట్లో పదిసార్లు చెప్పినా తనకి పట్టేది కాదేమో. ఆ రోజు మాత్రం మళ్లీ మొదటి నుంచి వైరు కట్టాల్సి వచ్చింది గనక బాగా గుర్తుండిపోయింది. రెండోసారి “వదులు” అని వినిపించగానే, “చెయ్యాలా, చెయ్యకూడదా?” అని అడిగి మరీ చేసింది.

వైరు లోపలికి వచ్చాక నాన్న ఇంకో రెండు పనులు చేయించారు. రేకు అంచు తగిలే చోటల్లా వైరుకి గొట్టం తొడిగించారు. డిక్కీ తలుపు తెరిచినప్పుడు లాగినట్టు కాకుండా మడత దగ్గర బెత్తెడు వైరు ఎక్కువ ఉంచారు. తర్వాత గొట్టం బయట వైరుని రంధ్రం కంటే కిందికి దింపి, వంపు తిప్పి, అడుగు నుంచి పైకి పంపించారు. “ముందు కిందికి, తర్వాత లోపలికి. ఇంటికైనా కారుకైనా ఇదే లెక్క,” అన్నారు. రంధ్రం చుట్టూ సిలికాన్ పూశాం. కానీ నాన్న నమ్మకం వంపు మీదే. సిలికాన్ ఎండకి ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది, వంపు పగలదు.

“తాతయ్యా, ఇది షాక్ కొడుతుందా?” అని అడిగింది మా అమ్మాయి. అప్పటికి తను ఇంగ్లీషులో అడగడం మానేసి గంట అయింది. నాన్న లేచి కూర్చుని చెప్పారు. ఇంట్లో కరెంటు 230 వోల్టులు, అది మనిషిని చంపగలదు. ఇది 12 వోల్టులే, పొడి చేత్తో ముట్టుకుంటే మామూలుగా తెలియను కూడా తెలియదు. కానీ తక్కువ వోల్టులంటే ప్రమాదం లేదని కాదు. 60 వాట్ల వస్తువు ఇంట్లో అయితే పావు యాంపియరు తీసుకుంటుంది. అదే 60 వాట్లు 12 వోల్టుల మీద నడవాలంటే 5 యాంపియర్లు కావాలి. వైరు సన్నగా ఉంటే వేడెక్కుతుంది. ఎక్కడైనా రెండు తీగలు కలిసిపోతే బ్యాటరీ తన శక్తంతా ఒక్కసారిగా వదిలేస్తుంది, వైరు కాలిపోతుంది. “ఇది షాకు కొట్టదు గానీ మంట పెడుతుంది,” అన్నారు నాన్న.

అందుకే ఫ్యూజు. పాత ఇళ్లలో పింగాణీ ఫ్యూజులుండేవి. కరెంటు ఎక్కువైతే అందులోని సన్నని తీగ తెగిపోయేది. కొత్త తీగ చుట్టి పెట్టడాన్ని ఫ్యూజు కట్టడం అంటారు. మా కారులో 10 యాంపియర్ల ఫ్యూజు పెట్టాం, బ్యాటరీకి జానెడు దూరంలో. జానెడు అంటే చేతివేళ్లు చాపితే బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా ఉండే దూరం. ఫ్యూజు బ్యాటరీకి ఎందుకంత దగ్గరగా ఉండాలి? బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న వైరుకి కాపలా ఎవరూ ఉండరు గనక. ఆ ముక్క ఎంత చిన్నదైతే అంత మంచిది. ఇంకో సంగతి. సోలార్ ప్యానెల్‌కి స్విచ్ ఉండదు. ఎండ తగిలితే చాలు కరెంటు వస్తుంది. అందుకని కలిపేటప్పుడు దాని మీద దుప్పటి కప్పాం. ముందు కంట్రోలరుకి బ్యాటరీ కలిపి, ఆ తర్వాతే ప్యానెల్ కలిపాం.

చివరగా పరీక్ష. డిక్కీలో పాత న్యూస్‌పేపర్లు పరిచి, టార్చితో మా అమ్మాయిని లోపల కూర్చోబెట్టాం. బయట నుంచి పది నిమిషాలు పైపుతో నీళ్లు కొట్టాం.

“తడి తగిలిందా?”

“లేదు తాతయ్యా, పొడిగా ఉంది.”

“మూల చూడు.”

“మూల కూడా పొడే.”

వంపు అడుగున మాత్రం చుక్క తర్వాత చుక్క రాలుతూనే ఉంది.

తర్వాతి వారం బయల్దేరాం. సింగపూర్ కారు మలేసియా వెళ్లాలంటే ట్యాంకులో కనీసం ముప్పావు వంతు పెట్రోలు ఉండాలి. ముప్పావు అంటే నాలుగు వంతుల్లో మూడు అని దారిలో తాతయ్యే చెప్పారు. పావు, అర, ముప్పావు అని ఇద్దరూ సరిహద్దు దాకా లెక్కపెట్టుకున్నారు. రెండో రాత్రి వాన దంచి కొట్టింది. పొద్దున లేచి చూస్తే మ్యాట్ పొడిగా ఉంది. ఫ్యాను రెండు రాత్రులూ తిరిగింది. నాన్న హాయిగా నిద్రపోయారు. ఆయన గురకకి మేమే నిద్రపోలేదు.

మా అమ్మాయి ఇప్పుడు తెలుగులో ధారాళంగా మాట్లాడేస్తోందని చెప్పను. ఇప్పటికీ సగం మాటలు ఇంగ్లీషువే. కానీ ఆదివారం తాతయ్య ఫోను చేస్తే, “తిన్నావా” తర్వాత మాట ఆగిపోదు. “అక్కడ వానలా? మూల తడి ఉందా?” అని ఆయన అడుగుతారు. తను చూసొచ్చి చెప్తుంది. మొన్న డిక్కీ లైటు ఎందుకు వెలగట్లేదో ఇద్దరూ పావుగంట వాదించుకున్నారు. వాదించుకోవాలంటే ఎన్ని మాటలు కావాలో మీకు తెలుసు కదా.

ఇక మీ వంతు. ఈ వారం మీ ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చేతిపని ఒకటి చెయ్యండి. కారు పనే కానక్కర్లేదు. దుప్పటి పిండడం, కర్టెన్ తగిలించడం, మంచం జరపడం, ఏదైనా సరే. ఒకటే నియమం: పని అయ్యేదాకా ఇద్దరూ తెలుగులోనే చెప్పుకోవాలి. మాట తెలియకపోతే మా అమ్మాయిలా తెలిసిన మాటలతోనే చెప్పండి, అవతలివాళ్లు అందుకుంటారు. తర్వాత నోటుబుక్కులో ఐదు క్రియలు రాయండి. తోయడం, లాగడం, ఆపడం, వదలడం, బిగించడం అని నేను రాసుకున్నాను. మీ ఐదూ వేరే అయి ఉంటాయి. ఒక్కో క్రియతో, ఆ రోజు మీ ఇంట్లో నిజంగా ఎవరో అన్న వాక్యం ఒకటి రాయండి. వదులు చెయ్యి, వదిలెయ్యి లాంటి జంట ఒకటి దొరికితే దాన్ని తప్పకుండా క్లాసుకి తీసుకురండి.